చిన్న పిల్లలకు బీవర్ల గురించి ఆరుబయట నేర్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లోని డెవాన్‌లో ఒక ప్రైమరీ స్కూల్లో ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలతో పనిచేస్తాను, శనివారాలు తెలుగు క్లాసులో సాయం చేస్తాను. బీవర్ల పాఠాన్ని గది బయటికి తీసుకెళ్లినప్పటి నుంచి తోటి టీచర్లు, తల్లిదండ్రులు, సెలవులకు వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు మళ్లీ మళ్లీ ఇవే అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

అసలు బీవర్ అంటే ఏంటి? తెలుగులో ఏమంటారు?

మన నేల మీద లేని జంతువు కాబట్టి వాడుకలో తెలుగు పేరు లేదు, బీవర్ అనే చెప్పండి. ఎలుక, ఉడుత, ముళ్లపంది లాగే ఇది కూడా కొరికే జంతువుల జాతిది. చాలామంది నీటికుక్క అనుకుంటారు, కాదు. కృష్ణా, గోదావరి వైపు కనిపించే నీటికుక్క చేపల్ని వేటాడి తింటుంది, బీవర్ మాత్రం పూర్తి శాకాహారి. చెట్టు బెరడు, ఆకులు, లేత కొమ్మలు, నీటి మొక్కలు తింటుంది, చేప ముట్టదు. ప్రపంచంలో రెండు రకాలున్నాయి, ఒకటి ఐరోపా, ఆసియాల్లో, ఇంకొకటి ఉత్తర అమెరికాలో. బ్రిటన్‌లో తిరిగేది మొదటి రకం. మా దగ్గర బీవర్లుండే నది పేరు ఆటర్, అంటే ఇంగ్లీషులో నీటికుక్కే, దాంతో పిల్లలు మొదటి రోజు కాస్త తికమక పడతారు. ఆ తికమక మంచిదే, రెండు జంతువులకీ తేడా అడిగి తెలుసుకుంటారు.

ఐదేళ్ల పిల్లలకు ఇది మరీ ఎక్కువ కాదా?

కాదండీ. వాన పడ్డాక ఏ పిల్లాడినైనా గమనించండి, ఎవరూ చెప్పకుండానే వీధి కాలువకి మట్టి అడ్డం పెట్టి నీళ్లు ఆపుతాడు. బీవర్ చేసేదీ అదే పని కదా, పుల్లలు, బురదతో వాగుకి అడ్డంగా కట్ట వేసి నీళ్లు నిలుపుతుంది. నాలుగైదేళ్ల వాళ్లకు పళ్లు, తోక, బొచ్చు, కాళ్లు చాలు. ఆరేడేళ్లకు ఏం తింటుంది, ఎక్కడుంటుంది, దాని వల్ల ఇంకెవరు బతుకుతారు అనే దాకా వెళ్లొచ్చు, ఇంగ్లండ్‌లో రెండో తరగతి సైన్సులో జీవులు, వాటి నివాసాలు అనే పాఠం ఎలాగూ ఉంటుంది. వరదలు, రైతుల నష్టం లాంటివి ఎనిమిదేళ్లు దాటాక బాగా పట్టుకుంటారు, అయితే చిన్నవాళ్లే అడిగితే మాత్రం దాటవేయకండి.

ఇన్ని జంతువులుండగా బీవర్లే ఎందుకు?

ఎందుకంటే ఇది చేసిన పని కళ్లముందు కనిపిస్తుంది. పులి అడవికి ఎలా మేలు చేస్తుందో ఆరేళ్ల పిల్లకి చూపించలేం, బీవర్ కట్ట ముందు నిలబెడితే మాత్రం ఆ పిల్లే చెప్పేస్తుంది: ఇటు నీళ్లు నిలిచాయి, అటు సన్నగా పారుతున్నాయి అని. 2011లో డెవాన్‌లో కంచె వేసిన ఒక చోట ఒక జంటను వదిలితే, 200 మీటర్లు కూడా లేని పిల్లకాలువ మీద కొన్నేళ్లలో 13 కట్టలు కట్టాయి. కప్పలు ఎన్నో రెట్లు పెరిగాయి.

ఇంకో కారణం కూడా ఉంది. బొచ్చు కోసం, మాంసం కోసం వేటాడి బ్రిటన్‌లో సుమారు 400 ఏళ్ల కిందటే వీటిని లేకుండా చేశారు. 2009లో నార్వే నుంచి తెచ్చి స్కాట్లండ్‌లోని నాప్‌డేల్‌లో వదిలారు. ఆటర్ నదిలో 2015 నుంచి 2020 దాకా ఐదేళ్లు పరీక్షగా ఉంచి, తర్వాత అక్కడే ఉండనిచ్చారు. 2025 మార్చిలో డోర్సెట్‌లోని పర్‌బెక్‌లో, ఇంగ్లండ్‌లో మొదటిసారిగా లైసెన్సుతో కంచె లేకుండా వదిలారు. అంటే మన పిల్లలు పెరుగుతుండగానే జరుగుతున్న చరిత్ర ఇది. పోయినవాటి గురించే ఎక్కువగా వింటున్న పిల్లలకు, తిరిగొచ్చిన ఒకదాని గురించి చెప్పగలగడం నాకు చాలా విలువైన విషయం.

మా ఊళ్లో బీవర్లు లేవు, ఎలా?

ఒక ట్రే, కాస్త మట్టి, పుల్లలు, నీళ్లడబ్బా ఉంటే సగం పాఠం ఆటస్థలంలోనే అయిపోతుంది. లండన్ వైపు ఉన్నవాళ్లకు గ్రీన్‌ఫర్డ్‌లోని పారడైజ్ ఫీల్డ్స్ ఉంది, 2023 అక్టోబర్‌లో ఐదు బీవర్ల కుటుంబాన్ని అక్కడ వదిలారు, మామూలు జనం నడిచి వెళ్లగలిగే చోటు. మిగతా ఊళ్లలో ఉన్నవాళ్లు దగ్గర్లోని ఏ వాగు దగ్గరికైనా వెళ్లి "ఇక్కడికి బీవర్ వస్తే ఎక్కడ కట్ట వేస్తుంది?" అని అడగండి. జంతువు లేకపోయినా ఆ ప్రశ్నతో పిల్లలు వాగుని ఎంత జాగ్రత్తగా చూస్తారో మీరే గమనిస్తారు.

చెప్పేవాళ్లకు ముందే తెలిసి ఉండాల్సినవి ఏంటి?

పుస్తకాల్లో, కార్టూన్లలో కొన్ని తప్పులు బాగా స్థిరపడిపోయాయి, ముందు అవి మన బుర్రలోంచి తీసేయాలి. బీవర్ కట్టలో ఉండదు, కట్ట వేరు, గూడు వేరు. పుల్లలు, బురదతో కుప్పలా కట్టుకున్న గూట్లో గానీ ఒడ్డు లోపలికి తవ్వుకున్న బొరియలో గానీ ఉంటుంది, దాని గుమ్మం నీళ్ల కింద ఉంటుంది. ఆ గుమ్మం ఎప్పుడూ మునిగే ఉండాలనే కట్ట వేసి నీటిమట్టం పెంచుకుంటుంది. లోతైన పెద్ద నదిలో ఆ అవసరం ఉండదు కాబట్టి అక్కడ కట్టే వేయదు. తోకతో బురద మెత్తుతుందనేది కూడా నిజం కాదు, ముందుకాళ్లతో బురదని గుండెకి అదిమిపట్టుకుని మోస్తుంది. చలికాలమంతా నిద్రపోదు, మేలుకునే ఉంటుంది. ఈ సంగతులు తెలిస్తే చాలు, మిగతావి పిల్లలతో పాటే నేర్చుకోవచ్చు.

## స్కూల్ ఆవరణలో

వీడియో చూపిస్తే సరిపోదా? ఎంత పెద్దదో ఎలా చెప్పాలి?

వీడియోలో ఎలుకైనా ఏనుగైనా తెర సైజులోనే ఉంటుంది. మా పిల్లలు చాలామంది బీవర్ అంటే ఉడుతంత ఉంటుంది అనుకున్నారు. పెద్ద బీవర్ 20 కిలోలు దాటుతుంది, అంటే మన ఇళ్లలో తెచ్చుకునే 10 కిలోల సోనా మసూరి సంచులు రెండు. తెలుగు క్లాసులో నిజంగానే రెండు సంచులు తెచ్చి పక్కపక్కన పెట్టాను, ఒక్కొక్కరూ వచ్చి కదపాలని చూశారు, కదల్లేదు, అంతే, ఇక మర్చిపోలేదు. పొడవు కోసం 120 సెంటీమీటర్ల తాడు తీసుకుని గడ్డి మీద పరచండి, చివరి 30 సెంటీమీటర్లకు వేరే రంగు దారం చుట్టండి, అది తోక. ఒక్కొక్కరూ దాని పక్కన పడుకుని ఎవరు పొడవో చూసుకుంటారు.

పళ్లు నారింజ రంగులో ఉంటాయి, తోముకోదా అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

ముందుపళ్ల పై పొరలో ఇనుము ఉంటుంది, ఆ రంగు దానిది, దానివల్లే పళ్లు గట్టిగా ఉంటాయి అని చెప్పండి. వెనకవైపు మెత్తగా ఉండి తొందరగా అరుగుతుంది, ముందువైపు అరగదు, అందుకే ఉలిలా ఎప్పుడూ పదునుగా ఉంటాయి. జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కూడా. తర్వాత నిలువుగా కోసిన క్యారెట్ ముక్కలిచ్చి, అందరినీ కూర్చోబెట్టి, ముందుపళ్లతో మాత్రమే గీకమనండి. కొరికిన చోట పడ్డ పళ్ల గాట్లు చూసుకుంటారు, రేపు వాగు ఒడ్డున మొద్దు మీద అవే గాట్లు కనబడితే ఎవరూ చెప్పకుండానే గుర్తుపడతారు. పాలపళ్లు ఊడుతున్న వయసు కాబట్టి నొప్పి ఉన్నవాళ్లని బలవంతం చేయొద్దు.

తోక దేనికో ఆటలా చూపించొచ్చా?

చూపించొచ్చు, అట్లకాడతో. ప్రమాదం అనిపిస్తే బీవర్ తోకని నీళ్ల మీద బలంగా కొట్టి మిగతావాళ్లని హెచ్చరిస్తుంది. ఒక వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసి, ముందు గరిటె కాడతో కొట్టించండి, తర్వాత వెడల్పాటి అట్లకాడతో. చప్పుడులో తేడా పిల్లలకు వెంటనే తెలుస్తుంది. తర్వాత ఆట: ఒకరు కాపలా బీవర్, మిగతావాళ్లు గడ్డిలో "తింటూ" ఉంటారు, చప్పుడు వినగానే అందరూ నీళ్లనుకున్న నీలం దుప్పటి మీదికి పరుగెత్తాలి. ఎంతసేపైనా ఆడతారు. చలికాలం కోసం కొవ్వు దాచుకునేది, ఈదేటప్పుడు దారి మళ్లించుకునేది కూడా ఆ తోకతోనే అని మధ్యలో ఒక మాట వేయండి.

అంత చల్లటి నీళ్లలో ఉంటే తడిసి వణకదా?

రెండు పాత గుడ్డముక్కలు తీసుకోండి, ఒకదానికి కొబ్బరినూనె బాగా పట్టించండి, రెండింటి మీదా చుక్కలు చుక్కలుగా నీళ్లు వేయించండి. నూనె గుడ్డ మీద నీళ్లు ముత్యాల్లా నిలిచి జారిపోతాయి. బీవర్ కూడా తన ఒంట్లోంచి వచ్చే నూనెలాంటి దాన్ని బొచ్చుకి రాసుకుంటుంది, దువ్వుకోవడానికి వెనక కాలి మీద రెండుగా చీలిన ప్రత్యేకమైన గోరు ఉంటుంది. అడుగు బొచ్చు చాలా దట్టంగా ఉండటంతో నీళ్లు చర్మం దాకా చేరవు. నూనె రాసి జడ వేయించుకునే పిల్లలకు ఇది చెప్పకముందే అర్థమవుతుంది.

కట్ట కట్టే ఆట ఎలా చేయించాలి? మాది రెండు నిమిషాల్లో కొట్టుకుపోయింది.

కొట్టుకుపోనివ్వండి. ఈ ఆటలో అసలు పాఠం మొదలయ్యేది అక్కడే, కాబట్టి పెద్దవాళ్లు చేయి పెట్టి సరిచేయకూడదు.

పొడవాటి ట్రేలు రెండు తీసుకోండి, తోటపనికి వాడే ప్లాస్టిక్‌వి చాలు. ఒక చివర కింద ఇటుక పెట్టి వాలుగా ఉంచండి. రెండింట్లోనూ ఇసుక పరిచి వేలితో కాలువ గీయించండి. ఒకదాన్ని అలాగే వదిలేసి రెండోదానిలో కట్ట కట్టమనండి. పుల్లలు, రాళ్లు, బురద, గడ్డి, అన్నీ పక్కన కుప్పలుగా పెట్టండి గానీ ఏది ముందు వేయాలో చెప్పకండి. చాలామంది ఒట్టి పుల్లలతో మొదలుపెడతారు, నీళ్లన్నీ సందుల్లోంచి పోతాయి. తర్వాత ఒట్టి మట్టి వేస్తారు, అది కరిగిపోతుంది. మూడోసారికి ఎవరో ఒకరు పుల్లల మధ్య గడ్డి కుక్కి దానిమీద బురద మెత్తుతారు, నీళ్లు ఆగుతాయి, ఆ క్షణంలో వాళ్ల అరుపులు పక్క క్లాసుకి కూడా వినబడతాయి.

ఇప్పుడు రెండు ట్రేల్లోనూ ఒకేసారి ఒక్కో డబ్బా నీళ్లు పోసి, కింది చివర నీళ్లు చేరడానికి ఎంతసేపు పట్టిందో గట్టిగా అంకెలు లెక్కపెట్టించండి. కట్ట లేనిదాంట్లో నీళ్లు ఒక్క ఉదుటున వచ్చిపడతాయి, కట్ట ఉన్నదాంట్లో నెమ్మదిగా దిగుతాయి. ఆటర్ నది పరిసరాల్లో, కట్టలకు దిగువన ఉన్న ఈస్ట్ బడ్‌లీ అనే ఊరికి బీవర్ కట్టల వల్ల వరద ఉద్ధృతి తగ్గిందని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు కొలిచి చెప్పింది ఇదే సంగతి. ట్రే కింది చివర చిన్న బొమ్మ ఇల్లు పెడితే పిల్లలకు ఇంకా బాగా పడుతుంది.

తెలుగు క్లాసులో అయితే కట్ట, తూము, మత్తడి అనే మాటలు ఇక్కడే నేర్పుతాను. కట్ట నిండి పైనుంచి నీళ్లు పొర్లినప్పుడు "మత్తడి దూకింది" అని పిల్లలందరితో అనిపిస్తాను, మీ వైపు అలుగు అంటే అలుగే అనిపించండి. ఈ ఒక్క ఆటకి గంట సమయం పెట్టుకోండి, అరగంటలో అయ్యేది కాదు.

నీళ్లు ఎక్కడ కారుతున్నాయో బీవర్‌కి ఎలా తెలుస్తుంది?

ఎక్కువగా చెవులతోనే. లార్స్ విల్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1960ల్లో పెంపకంలో ఉన్న బీవర్లకు పారే నీటి చప్పుడుని స్పీకర్‌లో వినిపిస్తే, నీళ్లే లేకపోయినా ఆ చప్పుడు వచ్చే వైపు పుల్లలు, బురద పేర్చడం మొదలుపెట్టాయి. దీన్ని ఆటగా మార్చడం తేలిక. నీటి చప్పుడు రికార్డు చేసిన ఫోన్‌ని పొదలో దాచి, పిల్లలు కళ్లు మూసుకుని చప్పుడు వచ్చే వైపు చేయి చూపించాలి, తర్వాత నడిచి వెళ్లి దాని ముందు పుల్లలు పెట్టాలి. నెమ్మదిగా ఉండే పిల్లలు, మాట తక్కువ మాట్లాడేవాళ్లు ఈ ఆటలో అందరికంటే ముందుంటారు, నాకు ఇది ఇష్టం కావడానికి అది కూడా ఒక కారణం.

పదిహేను నిమిషాలు ఊపిరి ఆపగలదట కదా, పిల్లలకు పోటీ పెట్టొచ్చా?

వద్దు. చిన్న పిల్లలతో ఊపిరి బిగబట్టే పోటీ ఎప్పుడూ పెట్టకండి, ముఖ్యంగా ఇంటికెళ్లి స్నానాల తొట్టిలో చేసి చూసే ప్రమాదముంది. బదులుగా, 15 నిమిషాల అలారం పెట్టి "బీవర్ ఇప్పుడు మునిగింది" అని చెప్పి మామూలుగా ఆడుకోనివ్వండి. అలారం మోగాక "ఇప్పుడు పైకి వచ్చింది" అనండి. ఎప్పుడూ అంతసేపు ఉండదు, మామూలుగా ఇంకా ముందే పైకి వస్తుంది అని కూడా చెప్పండి. నీళ్లలో ముక్కు, చెవులు మూసుకుంటాయి, కళ్లకు అద్దాల్లా పారదర్శకమైన రెప్ప అడ్డం వస్తుంది, పెదాలు పళ్ల వెనక మూసుకుంటాయి కాబట్టి నీళ్లలోనే కొరకగలదు.

## బయటికి వెళ్లే రోజు

ఏ నెలలో తీసుకెళ్తే మంచిది?

జంతువుని చూడాలంటే మే నుంచి ఆగస్టు దాకా, సాయంత్రం చీకటి పడే వేళ, అది స్కూల్ టైమ్‌కి కుదరదు, కుటుంబంతో వెళ్లాలి. స్కూల్ ట్రిప్‌కి నేను ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో వెళ్తాను. చెట్లకు ఆకులుండవు, కట్టలు, గూళ్లు దూరానికే కనిపిస్తాయి. చలికాలంలో బెరడే ముఖ్యమైన తిండి కాబట్టి కొత్తగా కొరికిన మొద్దులు ఎక్కువ ఉంటాయి. ఆ రోజుల్లోనే కప్పగుడ్లు కూడా నీళ్లలో జిగురు ముద్దల్లా తేలుతుంటాయి.

అంత దూరం వెళ్లి బీవర్ కనిపించకపోతే పిల్లలు నిరాశపడరా?

కనిపిస్తుందని చెబితే నిరాశపడతారు. నేను మొదటి ఏడాది ఆ తప్పు చేశాను. వారం రోజులు "బీవర్‌ని చూడబోతున్నాం" అని ఊరించాను, పట్టపగలు రెండు గంటలు ఒడ్డున నిలబెట్టాను, ఒక పాప ఏడ్చింది, వచ్చేటప్పుడు బస్సంతా నిశ్శబ్దం. కాళ్ల దగ్గరే కొరికిన మొద్దులు, తాజా చెక్కముక్కలు, బురదలో జారిన గుర్తులు అన్నీ ఉన్నాయి, నీళ్ల వైపే చూస్తూ ఉండటంతో మేమెవరం వాటిని పట్టించుకోలేదు.

ఇప్పుడు ముందురోజే చెప్పేస్తాను: బీవర్ పగలు పడుకుంటుంది, మనం వెళ్లేసరికి నిద్రలో ఉంటుంది, మనం రాత్రి అది ఏం చేసిందో కనిపెట్టడానికి వెళ్తున్నాం, లేపకుండా రావాలి. ఆ ఒక్క మాటతో ట్రిప్ మారిపోయింది. పిల్లలు వాళ్లంతట వాళ్లే గుసగుసలాడుతూ నడుస్తారు, ప్రతి పుల్లనీ వంగి చూస్తారు. ఆ వయసుకి జంతువుని చూడటం కంటే ఆనవాళ్లు చదవడమే ఎక్కువ నేర్పుతుందని నా గట్టి నమ్మకం.

అక్కడ ఏం చూపించాలి?

మీరు చూపించకండి, వెతకనివ్వండి. పెన్సిల్ మొనలా చెక్కినట్టున్న మొద్దు అందరికంటే ముందు దొరుకుతుంది. దాని చుట్టూ పడిన చెక్కముక్కలు, వాటి మీద పళ్ల గాట్లు. బెరడంతా తినేసి తెల్లగా మిగిలిన పుల్లలు, ఒక చివర ఏటవాలుగా తెగి ఉంటుంది. నీళ్లలోంచి ఒడ్డు మీదికి రోజూ ఒకే దారిలో ఎక్కి దిగడం వల్ల ఏర్పడిన నున్నటి జారుడు దారి. కొమ్మల్ని తేల్చి తెచ్చుకోవడానికి తవ్వుకున్న సన్నటి కాలువలు. తర్వాత కట్ట దగ్గర ఆగి పైన, కింద నీళ్లు ఎలా ఉన్నాయో ఒక్కొక్కరితో చెప్పించండి. చివర ఐదు నిమిషాలు అందరూ కూర్చుని కళ్లు మూసుకుని వినాలి. ఆ ఐదు నిమిషాలు ఎంత ఆలస్యమైనా మానేయొద్దు.

నీళ్ల దగ్గర చిన్న పిల్లలంటే టెన్షన్‌గా ఉంది. జాగ్రత్తలేంటి?

టెన్షన్ ఉండటం సరైనదే, లోతు తక్కువ నీళ్లు కూడా చిన్న పిల్లలకు ప్రమాదమే. ముందుగా మీరొక్కరే వెళ్లి నడిచి చూసి రండి, వానలు పడి వాగు పొంగి ఉంటే ట్రిప్ వాయిదా వేయండి, మొహమాటపడొద్దు. ఈ వయసుకి ఆరుగురు పిల్లలకు పెద్దవాళ్లు ఒకరు అనే లెక్క చాలా స్కూళ్లు పాటిస్తాయి, నీళ్లుంటే నేను ఇంకొకరిని కలుపుతాను. ఒడ్డుకి రెండడుగుల ఇవతల తాడు పరిచి "ఇది దాటితే పెద్దవాళ్ల చేయి పట్టుకోవాలి" అని చెప్పండి. బీవర్లు కొరికి సగంలో వదిలేసిన చెట్ల కింద నిలబడొద్దు, గాలి రోజున అస్సలు వద్దు. చేతి మీద గాయాలుంటే వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వేయండి, ఎలుకల లాంటి జంతువుల మూత్రంతో నీళ్లలోకి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. తినేముందు సబ్బుతో చేతులు కడిగించాలి. గడ్డిలో పేలలాంటి పురుగులు పట్టుకుంటాయి కాబట్టి పొడుగు ప్యాంటు వేసి, ప్యాంటు చివరలు సాక్సులో దోపించండి, ఇంటికెళ్లాక మోకాళ్ల వెనక, చెవుల వెనక చూడమని తల్లిదండ్రులకు చెప్పండి.

ఈ చలిలో, బురదలో తిప్పితే జలుబు చేయదా? మా అత్తగారు ఒప్పుకోవట్లేదు.

మీ అత్తగారి భయం నాకు తెలుసు, మా అమ్మ కూడా ఇదే అంటుంది. జలుబు వైరస్ వల్ల వస్తుంది, బురద వల్ల కాదు, అయితే తడిబట్టలతో గంటలు గంటలు ఉంటే మాత్రం పిల్లలు వణికిపోతారు, అది నిజమే. కాబట్టి లోపల ఉన్ని బట్టలు, పైన వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, కోటు, రబ్బరు బూట్లు, సంచిలో ఇంకో జత సాక్సులు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. ఫ్లాస్కులో వేడిగా ఏదైనా పంపండి, రసం పంపిన ఒక అమ్మమ్మ మా క్లాసులో ఇప్పటికీ అందరికీ గుర్తు. ఆవిడని తర్వాతి ఏడాది ట్రిప్‌కి పెద్దమనిషిగా తోడు తీసుకెళ్లాం.

గుర్తుగా కొరికిన పుల్ల ఒకటి ఇంటికి తెచ్చుకోవచ్చా?

కట్ట నుంచి, గూడు నుంచి ఒక్క పుల్ల కూడా తీయొద్దు. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబర్ 1 నుంచి బీవర్లకు చట్టరక్షణ ఉంది, వాటిని ఇబ్బంది పెట్టడం, అవి పిల్లల్ని పెట్టే చోటు పాడుచేయడం నేరం. స్కాట్లండ్‌లో 2019 నుంచే ఉంది. దూరంగా నేల మీద పడి ఉన్న చెక్కముక్క అయితే ఆ స్థలం చూసుకునేవాళ్లని అడిగి తీసుకోండి. మైనపు క్రేయాన్, పల్చటి కాగితం తీసుకెళ్లి గాట్ల మీద రుద్దించి అచ్చు తెచ్చుకుంటే ఇంకా మంచిది, ప్రతి పిల్ల చేతిలో ఒకటి ఉంటుంది.

## పిల్లలు అడిగే కష్టమైన ప్రశ్నలు

"చెట్లు నరకడం తప్పన్నావుగా, మరి బీవర్ ఎందుకు నరుకుతోంది?" అంటే?

ఈ ప్రశ్న వచ్చిందంటే పిల్ల నిజంగా ఆలోచిస్తోందని అర్థం. జవాబు అక్కడికక్కడే చూపించండి. బీవర్లు ఎక్కువగా కొరికే విల్లో చెట్టు మొద్దు నుంచి మళ్లీ గుత్తులుగా చిగుళ్లు వేస్తుంది, ఏడాది కిందట కొరికినదాన్ని వెతికితే దొరుకుతుంది. మన ఊళ్లో కరివేపాకు చెట్టు కొమ్మ విరిస్తే పక్కనుంచి ఇంకో నాలుగు రావడం పెద్దవాళ్లందరికీ తెలిసిందే. చెట్టు పడిన చోట ఎండ దిగి కొత్త మొక్కలు వస్తాయి. కొన్ని చెట్లు చచ్చిపోతాయి కూడా, అది దాచకండి. ఆ ఎండిన మానుల్లో పురుగులు, వాటికోసం వడ్రంగిపిట్టలు చేరతాయి.

"వాటిని ఎవరు చంపేశారు?" అని అడిగితే అంత చిన్న పిల్లలకు ఏం చెప్తాం?

నిజమే చెప్పండి, క్లుప్తంగా. మనుషులు టోపీలకు బొచ్చు కావాలని, తోక దగ్గర ఉండే ఒక సువాసన పదార్థం మందులకీ అత్తరులకీ పనికొస్తుందని, మాంసం కోసమని వేటాడారు, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకోలేదు. ఐదేళ్ల పిల్లలకు ఈ రెండు వాక్యాలు చాలు. వెంటనే "తర్వాత మనుషులే తెచ్చి వదిలారు" అనేది కూడా చెప్పండి, రెండూ మనుషులే చేశారని వాళ్లకు తెలియాలి. యార్క్‌షైర్‌లో బెవర్లీ అనే ఊరి పేరులోనే బీవర్ ఉంది, అక్కడ ఒకప్పుడు ఉండేవనడానికి గుర్తు. మ్యాప్‌లో చూపిస్తే ఎగిరి గంతేస్తారు.

రైతుల పొలాలు మునిగిపోతాయట కదా, అది కూడా చెప్పాలా?

తప్పకుండా చెప్పాలి. స్కాట్లండ్‌లో టే నది పరిసరాల్లో మంచి పంటభూముల్లో కాలువలు మూసుకుపోయి రైతులు నిజంగా నష్టపోయారు. మనలో చాలామందిమి పొలం ఉన్న ఇళ్ల నుంచే వచ్చాం, నీళ్లు నిలిచిన చేను చూస్తే ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. బీవర్‌ని ముద్దుబొమ్మలా మాత్రమే చూపిస్తే పాఠం సగమే.

ఆరేడేళ్ల వాళ్లతో రచ్చబండ పెట్టించండి. ఒకరు రైతు, ఒకరు బీవర్, ఒకరు కింద ఊళ్లో వరదకు భయపడే అవ్వ, ఒకరు కప్ప. ఎవరి బాధ వాళ్లు చెప్పుకోవాలి. తర్వాత మనుషులు నిజంగా చేసే ఉపాయాలు చెప్పండి: కట్టలోంచి గొట్టం వేసి నీటిమట్టం తగ్గిస్తారు, కావాల్సిన చెట్లకు ఇనుప వల చుడతారు, మరీ ఇబ్బందైతే అనుమతితో వేరే చోటికి తరలిస్తారు. మా క్లాసులో రైతు వేషం వేసిన పిల్లాడు "సగం పొలం నాది, వాగు పక్కన పది అడుగులు నీది" అన్నాడు. ఇక్కడ పెద్దవాళ్లు కూడా నది పక్కన కొంత నేల వదిలేద్దామనే మాట్లాడుకుంటున్నారు.

## తిరిగి వచ్చాక

ఏం రాయించాలి? నేర్చుకున్నారని ఎలా తెలుస్తుంది?

మర్నాడే వర్క్‌షీట్ ఇవ్వకండి. వారం ఆగి, మళ్లీ ట్రేలు, మట్టి బయట పెట్టి, ఏమీ చెప్పకుండా చూడండి. గూటి గుమ్మం నీళ్ల కిందకి పెట్టారా, పుల్లల సందుల్లో బురద కుక్కారా, కట్టకి ఎగువన నిలిచిన నీళ్లలో బొమ్మ కప్పల్ని పెట్టారా, అందులో అంతా తెలుస్తుంది. రాయగలిగిన వాళ్లతో ఒక రాత్రి బీవర్ దినచర్య రాయించండి, సాయంత్రం గూడులోంచి బయటికి వచ్చిన దగ్గర్నుంచి. రాయలేనివాళ్లు చెప్తే మీరు రాసిపెట్టండి.

వాన వల్ల బయటికి వెళ్లలేని రోజు చెప్పడానికి ఏదైనా కథ ఉందా?

నిజంగా జరిగిందే ఒకటుంది. 1948లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, ఊళ్లలో ఇబ్బందవుతున్న బీవర్లను రోడ్లు లేని కొండల్లోకి తరలించాల్సి వచ్చింది. గుర్రాల మీద మోసుకెళ్తే ఎండకి తట్టుకోలేకపోయేవి. అందుకని నేలకి తగలగానే తెరుచుకునే చెక్కపెట్టెలు చేసి, విమానంలోంచి పారాచూట్లతో దింపారు. పెట్టె సరిగ్గా తెరుచుకుంటుందో లేదో చూడ్డానికి జెరోనిమో అని పేరు పెట్టిన ఒక ముసలి బీవర్‌ని మళ్లీ మళ్లీ దింపి పరీక్షించారు. మొత్తం 76 బీవర్లు దిగాయి, ఒకటి చనిపోయింది. మిగతావి అక్కడే స్థిరపడ్డాయి. తర్వాత చేతిరుమాళ్లు, దారాలు, అగ్గిపెట్టెలు ఇచ్చి పారాచూట్లు చేయించండి, మధ్యాహ్నమంతా గడిచిపోతుంది.

ఆంధ్రాలో, తెలంగాణలో ఉండే మా అన్నయ్య పిల్లలకు ఇది పనికొస్తుందా?

బీవర్ పాఠంగా కాదు గానీ, పద్ధతి అచ్చంగా పనికొస్తుంది. అక్కడ కట్టే జంతువు కావాలంటే గిజిగాడు ఉంది. ఈత చెట్టుకో తుమ్మ చెట్టుకో వేలాడే గూళ్లు, వాటికింద రాలిన గడ్డిపోచలు, సగం కట్టి వదిలేసిన గూళ్లు, ఇవన్నీ పక్షి కనబడకపోయినా చదవగలిగే ఆనవాళ్లే. కట్ట గురించి అయితే ఊరి చెరువే ఉంది. పిల్లల్ని తాతయ్యతో కట్ట మీదికి పంపండి, తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ, కట్టకి కింద ఏ పొలాలు పారతాయి అని అడగమనండి. మా అన్నయ్య కూతురు పోయిన వానాకాలం అలా వెళ్లి గీసిన చెరువు బొమ్మని మా క్లాసులో బీవర్ కట్ట బొమ్మ పక్కనే అంటించాం. చూసిన ఒక ఆరేళ్ల బాబు అడిగాడు, "మీ ఊళ్లో ఈ కట్టని ఏ బీవర్ కట్టింది?"